ఊపిరి బిగబట్టుట: కిరణ చికిత్సలో దాని ప్రయోజనము

మన ప్రాంతమున రాచపుండు, అనగా క్యాన్సరు, సోకినవారికి ‘కరెంటు పెట్టించినారు’ అని చెప్పుకొనుట అందరికిని పరిచితమే. తమిళము మాటలాడువారును ‘కరెంటు వెక్కిరదు’ అనియే అందురు. ఈ మాటను ఎవరు పుట్టించిరో గాని, దీనివలన మేలుకంటె కీడే ఎక్కువ కలిగినది. కరెంటు అనగానే తీగె తగిలి ఒడలు జలదరించుట జ్ఞప్తికి వచ్చును. పెద్దవారు, అందును ముఖ్యముగా స్త్రీలు, ఆ భయముచేతనే చికిత్సను వాయిదా వేయుట మేము ఎరుగుదుము. వాస్తవమునకు ఈ చికిత్సలో విద్యుత్తు శరీరమునకు తగులనే తగులదు. ఎముక విరిగినప్పుడు ఫోటో తీయు ఎక్స్‌రే కిరణముల జాతికి చెందినవియే, కాని వానికంటె ఎన్నో రెట్లు శక్తిగల కిరణములను వ్యాధి యున్న చోటికి గురిచేసి పంపుదురు. పంపునప్పుడు నొప్పి లేదు, తాకిడి లేదు. యంత్రపు చప్పుడు మాత్రము వినబడును. కొన్ని దినములు గడచిన పిమ్మట చర్మము కమిలినట్లగుట, అలసట కలుగుట ఉండును. వానికి వైద్యులు తగిన ఉపచారము చెప్పుదురు.

ఈ వ్యాసమున మేము చెప్పబూనినది ఆ చికిత్సనంతటిని గురించి కాదు. అందులో ఇటీవలి దశాబ్దములలో ప్రవేశించిన ఒక చిన్న పద్ధతిని గురించి మాత్రమే. కిరణములు ప్రసరించుచున్న కొద్ది సెకండ్ల కాలము రోగి రొమ్ము నిండ ఊపిరి పీల్చి, దానిని బిగబట్టి, కదలక పరుండియుండుటయే ఆ పద్ధతి. ఇది మందు కాదు, మాత్ర కాదు, సూదిపోటు కాదు. రోగి తానే చేయవలసిన పని; ఇంటివారు తోడ్పడినచో మరింత చక్కగా చేయగల పని. తెలుగు పాఠములు చెప్పుకొను మాకు దీనితో ఏమి సంబంధమని కొందరు తలంపవచ్చును. ఈ పనిలో సగము మాటలమీదనే ఆధారపడియున్నదని చదువరులు ముందునకు పోయినకొలది గ్రహింపగలరు.

మన దేశపు స్త్రీలకు వచ్చు క్యాన్సరులలో రొమ్ము క్యాన్సరే అన్నిటికంటె ఎక్కువగా కనబడుచున్నది. శస్త్రచికిత్స జరిగిన పిమ్మట, కంటికి కనబడని రోగకణములు మిగిలియున్నచో అవియు నశించుటకై, పెక్కుమందికి ఆ భాగమున కిరణ చికిత్స చేయుదురు. వ్యాధి కుడివైపున నున్నచో గుండెకు సాధారణముగా అంత చిక్కు లేదు. ఎడమవైపున నున్నప్పుడే చిక్కు. గుండె రొమ్ముటెముక వెనుక, కొంచెము ఎడమకు ఒరిగి, ముందుభాగము రొమ్ము గోడకు చేరువగా ఉండును. కిరణముల దారి ఆ గోడ వెంబడియే పోవలెను. ఇది రోగము, ఇది గుండె అను వివేకము కిరణమునకు లేదు. గుండెపై పాకు సన్నని రక్తనాళములు ఆ దారిలో పడినచో వానికిని దెబ్బ తగులును.

కిరణ చికిత్స మన ప్రాంతము వారికి క్రొత్తది కాదు. మన నరికుడికి సమీపముననున్న తిరుచుళిలో 1879లో జన్మించిన రమణ మహర్షికి 1949లో ఎడమచేతిపై కంతి లేచి, అది క్యాన్సరు జాతి వ్యాధియని తేలినప్పుడు శస్త్రచికిత్సలతోపాటు రేడియము చికిత్సయు జరిపిరి. 1950 ఏప్రిలు 14వ తేదీన ఆయన తిరువణ్ణామలైలో దేహము చాలించిరి. అప్పటికి అడయారు ఆసుపత్రి పుట్టలేదు. పుదుక్కోటలో జన్మించి, స్త్రీలకు వైద్యవిద్య అరుదైన ఆ కాలమున డాక్టరైన ముత్తులక్ష్మీ రెడ్డిగారు, తమ చెల్లెలు ఈ వ్యాధితోనే మరణించుట కన్నులార చూచి, పట్టుదలతో కృషిచేయగా, 1954లో మద్రాసు అడయారున క్యాన్సరు ఇన్‌స్టిట్యూటు వెలసెను. ఆ తొలి తరమువారి దృష్టి యంతయు రోగము చచ్చునా, తిరుగబెట్టునా అనుటయందే నిలిచియుండెను. అది సహజము. చికిత్స పొందిన ఇరువది సంవత్సరములకు రోగి గుండె ఏమగునను ప్రశ్న, ఇరువది సంవత్సరములు బ్రతికినవారు పెక్కుమంది ఉన్నప్పుడు గదా పుట్టును!

అట్టివారు పెక్కుమంది ఏర్పడిరి; ప్రశ్నయు పుట్టెను. స్వీడను, డెన్మార్కు దేశములలో 1958 మొదలు 2001 వరకు రొమ్ము క్యాన్సరునకు కిరణ చికిత్స పొందిన 2,168 మంది స్త్రీల వైద్య పత్రములను పరిశోధకులు పరీక్షించి, ఆ ఫలితములను 2013లో ప్రకటించిరి. కిరణముల పరిమాణమును ‘గ్రే’ అను కొలతతో లెక్కింతురు. గుండెకు సగటున తగిలిన ప్రతి ఒక్క గ్రేకును, గుండెపోటు మొదలగు ప్రమాదముల రేటు 7.4 శాతము చొప్పున పెరుగుచున్నదని వారు కనుగొనిరి. ఇంతకంటె తక్కువైన భయము లేదు అని చెప్పుటకు గీటు ఏదియు కనబడలేదు. చికిత్స ముగిసిన అయిదేండ్లలోపుననే ఆ ప్రభావము మొదలై, ఇరువది ఏండ్లు దాటిన తరువాతను కొనసాగుచుండెను.

ఇది చదివి ఎవ్వరును చికిత్స మానుకొనరాదు. క్యాన్సరును వదలివేసిన కలుగు ప్రమాదముతో పోల్చినచో ఇది చాల చిన్నది. ఈనాటి యంత్రములు ఆనాటి యంత్రములకంటె ఎంతయో సూక్ష్మముగా గురిపెట్టును కూడ. అయినను, గుండెకు తగులుదానిని తగ్గించుకొను ఉపాయము చేతిలో నుండగా తగ్గించుకొనకుండుట ఎందులకు?

ఆ ఉపాయమే ఊపిరి. మామూలుగా మనము ఒకమారు పీల్చు గాలి సుమారు అర లీటరు. గట్టిగా పీల్చినచో దానిపైన మరి రెండు మూడు లీటర్లు లోనికి పోవును. అప్పుడు ఊపిరితిత్తులు ఉబ్బును. వాని క్రిందనున్న ఉదరవితానము, అనగా రొమ్మును కడుపును వేరుచేయు కండర పొర, క్రిందికి దిగును. దానితో గుండెయు క్రిందికి, వెనుకకు సాగి రొమ్ము గోడనుండి ఎడమగును. గోడకు ఆనియున్న బల్లకును గోడకును నడుమ ఒక దూది మూటను దూర్చినచో బల్ల ఎట్లు ఎడమగునో, ఇచ్చట గాలి నిండిన ఊపిరితిత్తి ఆ దూది మూట పని చేయును. ఆ స్థితిలో ఊపిరి బిగబట్టినంతసేపు కిరణములను పంపి, ఊపిరి విడువగనే ఆపివేసినచో, గుండెకు తగులు పరిమాణము పెక్కుమందిలో దాదాపు సగమునకు తగ్గుచున్నదని తేలినది. అందరి దేహనిర్మాణము ఒకటి కాదు గావున అందరికిని ఒకే లాభము కలుగదు. అందుచేతనే ముందుగా మామూలు ఊపిరితో ఒకటి, బిగబట్టిన ఊపిరితో ఒకటి, రెండు సి.టి. స్కానులు తీసి, ఏది మేలో వైద్యులు పోల్చి చూతురు.

రొమ్మునకే గాక, ఊపిరితిత్తులలోను కాలేయములోను వచ్చు కంతులకును ఈ పద్ధతి ఉపయోగపడును. అవి ప్రతి ఊపిరికిని పైకిని క్రిందికిని ఊగుచుండును గనుక, ఊగుదానికి గురిపెట్టుటకంటె నిలిచినదానికి గురిపెట్టుట సులభము. ఇక్కడ మేము రొమ్ము చికిత్సనే ఉదాహరణముగా గైకొనుచున్నాము.

ఒక్కొక్క మారు బిగబట్టవలసినది సుమారు 20 సెకండ్లు. ఒక పూట చికిత్సలో ఇట్లు కొన్ని మారులు జరుగును. నడుమ నడుమ విశ్రాంతి నిత్తురు. ఇరువది సెకండ్లా, అదేమి గొప్ప అని మా తరగతి బాలురు నవ్వుదురు. బావిలో మునిగి నిమిషము ఉండగలవారు వారిలో కలరు. కాని ఆపరేషను అయి, మందులతో నీరసించి, చల్లని గదిలో గట్టి బల్లపై చేతులు తలపైకెత్తి ఒంటరిగా పరుండిన అరువది ఏండ్ల స్త్రీకి, ఇరువది సెకండ్లు చాల దీర్ఘమైన కాలము. బాలురు తమ గర్వము వదలి ఆ స్థితిని ఊహించుకొనవలెను.

అసలు మనము ఊపిరిని ఎందుకు బిగబట్టలేకపోవుచున్నాము? ఆక్సిజను అయిపోవుటచేతనా? ఒక చిన్న లెక్క చేయుదము. గట్టిగా పీల్చిన పిమ్మట రొమ్ములో సుమారు 5 లీటర్ల గాలి యుండును. అందు అయిదవ వంతు ఆక్సిజను. అనగా ఒక లీటరు. కదలక పరుండిన మనిషి నిమిషమునకు వాడుకొను ఆక్సిజను సుమారు 250 మిల్లీలీటర్లు. ఈ లెక్కను బట్టి నాలుగు నిమిషములకు సరిపోవలెను. అంతయు వాడుకొనుట సాధ్యము కాదనుకొన్నను రెండు నిమిషములైన చాలవలెను. కాని ఆరోగ్యవంతుడు సైతము సుమారు ఒక నిమిషమునకే ఓర్వలేక విడిచివేయును. కావున మనలను తొందరపెట్టునది ఆక్సిజను కొరత కాదు, మరియొకటి.

ఇంగ్లండులో హాల్డేను, ప్రీస్ట్‌లీ అను శాస్త్రజ్ఞులు 1905లో దీనిలో ఒక భాగమును విప్పిరి. రక్తములో పేరుకొను కార్బను డయాక్సైడు, అనగా బొగ్గుపులుసు గాలియే మెదడును తట్టి ‘ఊపిరి తీయుము’ అని ఆజ్ఞాపించునది. రెండవ భాగమును 1954లో అమెరికాలో ఫౌలరు అను వైద్యుడు చిత్రమైన ప్రయోగముతో చూపెను. ఇక బిగబట్టలేమని విడిచివేయు క్షణమున, ఆయన మనుష్యులకు మంచి గాలిని గాక, ఆక్సిజను తక్కువగను బొగ్గుపులుసు గాలి ఎక్కువగను ఉన్న చెడు గాలిని పీల్చనిచ్చెను. న్యాయముగా వారి బాధ పెరుగవలెను. కాని వారికి హాయి కలిగెను. వెంటనే మరల బిగబట్టగలిగిరి! అనగా, కదలిక లేక బిగుసుకొనియున్న ఊపిరి కండరములే బాధలో పెద్ద భాగమును కలిగించుచున్నవన్నమాట. కదలనిచ్చిన చాలు, గాలి ఎట్టిదైనను వానికి కొంత శాంతి.

ఈ రెండు విషయములు తెలిసిన పిమ్మట అభ్యాసమెట్లు పనిచేయునో బోధపడును. పూరకము, కుంభకము, రేచకము అను మాటలు మన పెద్దలకు క్రొత్తవి కావు. తూత్తుకుడి సముద్రమున రాతిబరువు పట్టుకొని మునిగి, ముత్యపు చిప్పలను శంఖములను ఏరిన పరతవుల బిడ్డలు చిన్ననాటినుండియు ఈ విద్య నేర్చినవారే. వారి ఊపిరితిత్తులు ఇనుముతో చేసినవి కావు. కండరపు తొందరను గుర్తుపట్టి, భయపడక, దానిని కొంతసేపు ఓర్చుకొనుట వారు నేర్చుకొనిరి. ‘ప్రాణము పోవుచున్నది’ అని తోచునది ప్రాణము పోవుట కాదు. కండరము చేయు మారాము. దీనిని ఎరిగిన రోగికి ఇరువది సెకండ్లు సగమైనట్లు తోచును.

ఇచ్చట బాలురకు ఒక హెచ్చరిక చేయక తప్పదు. పందెములు వేసుకొని, గబగబ పదిమారులు ఊపిరి తీసి విడిచి, ఆ మీద బావిలోనో కన్మాయిలోనో మునుగుట కొందరికి అలవాటు. అట్లు చేసిన ఎక్కువసేపు ఉండగలుగుట నిజమే. కాని ఎందుచేత? గబగబ విడుచుటవలన బొగ్గుపులుసు గాలి తగ్గిపోవును, మెదడును తట్టువాడు నిద్రపోవును. ఆక్సిజను మాత్రము పెరుగదు. తట్టువాడు లేచులోగా ఆక్సిజను అడుగంటి, ముందుగా ఏ సూచనయు లేకయే స్మృతి తప్పును. నీటిలో స్మృతి తప్పినవాడు తిరిగి రాడు. ఈత బాగుగా వచ్చినవారే ఇట్లు మరణించుట లోకమున జరుగుచున్నది. ఈ పందెమును మా విద్యార్థులెవ్వరును వేయరాదు.

ఏ ఉపాయము నీటిలో ప్రాణాంతకమో, అదే ఉపాయమును వైద్యుల కనుసన్నలలో, ఆక్సిజనును చేర్చి, రోగులకు మేలుగా మార్చిన కథ ఒకటి కలదు. ఇంగ్లండులోని బర్మింగ్‌హామున డాక్టరు మైకేల్ పార్క్స్, ఆయన సహచరులు ఈ పని చేసిరి. ఇరువదేసి సెకండ్లు పలుమారులు బిగబట్టుటకు బదులు, పూట చికిత్స యంతయు ఒక్క ఊపిరితో ముగింపరాదా అని వారు ఆలోచించిరి. మొదట ఆరోగ్యవంతులతో ప్రయత్నించి 7 నిమిషముల వరకు సాధించిరి. పిమ్మట 37 మొదలు 74 ఏండ్ల వయసుగల 15 మంది రొమ్ము క్యాన్సరు రోగులకు అభ్యాసము చేయించి, 2016లో ఫలితములు ప్రకటించిరి. రోగి ముఖమునకు తొడుగు అమర్చి, ఆక్సిజను ఎక్కువగా కలిపిన గాలిని యంత్రముచేత మెల్లగా ఊదించి, బొగ్గుపులుసు గాలిని తగ్గించి, ఆపైన బిగబట్టుమనిరి. సగటున 5.3 నిమిషములు బిగబట్టిరి! విడుచునాటికి వారి రక్తములో ఆక్సిజను ఏ మాత్రము తగ్గలేదు. ఎవ్వరును రొప్పలేదు, తల తిరుగలేదు. రక్తపు పోటు మాత్రము సగటున 125 నుండి 166కు పెరిగి, ఊపిరి విడిచిన సుమారు 20 సెకండ్లలో మామూలు స్థితికి వచ్చెను.

డెబ్బది దాటిన రోగులు సైతము అందుండుట మాకు అన్నిటికంటె ఆశ్చర్యమును, ధైర్యమును కలిగించినది. అయినను ఒక మాట. అది వైద్యుడు ప్రక్కన నిలిచి, పరికరములతో రక్తపు పోటును, ఆక్సిజనును క్షణక్షణము చూచుచు చేయించినది. అన్ని ఆసుపత్రులలోను ఉన్న ఏర్పాటు కాదు, ఇంట అనుకరింపదగినది అంతకంటెను కాదు. మనకు కావలసినది ఇరువది సెకండ్లు. దానికి యంత్రము అక్కరలేదు.

ఆసుపత్రిలో జరుగు విధము తెలిసియున్నచో భయము సగము తగ్గును గనుక దానిని కొంత వివరింతుము. రోగిని బల్లపై పరుండబెట్టి, చేతులు తలపైకి ఎత్తించి, పిడులను పట్టుకొననిత్తురు. కొన్నిచోట్ల రొమ్ముటెముక క్రిందిభాగమున ఒక చిన్న ప్లాస్టికు డబ్బీ నుంచుదురు. గోడకున్న కెమెరా ఆ డబ్బీ ఎంత లేచినది, ఎంత దిగినది చూచుచుండును. మరికొన్నిచోట్ల డబ్బీ లేకయే వెలుతురు పరచి చర్మపు ఎత్తును కొలుతురు. వేరొక పద్ధతిలో నోట గొట్టము నుంచి, ముక్కునకు క్లిప్పు పెట్టి, నిర్ణీతమైన గాలి లోనికి పోగానే గొట్టపు కవాటము మూసికొనునట్లు చేయుదురు. అప్పుడు రోగి చేతిలో ఒక మీట నుండును. దానిని వదలిన వెంటనే కవాటము తెరచుకొనును. పిమ్మట అందరును గది వెలుపలికి పోవుదురు. ఇది రోగిని విడిచిపెట్టి పోవుట కాదు. వెలుపలినుండి కెమెరాలో చూచుచునే యుందురు, మైకులో మాటలాడుచునే యుందురు. బిగబట్టలేక మధ్యలో విడిచినను ప్రమాదము లేదు. ఊపిరి నిర్ణయించిన ఎత్తునుండి తప్పగానే కిరణములు ఆగును. మరల పీల్చి పట్టినప్పుడు మిగిలిన భాగము సాగును. ఇట్లు సాధారణముగా 15 దినముల చికిత్స, వారమునకు అయిదు చొప్పున మూడు వారములు నడచును. కొందరికి ఇంకను తక్కువ దినములే చాలును.

ఇప్పుడు ఇంటివారి పని. చికిత్సకు ముందు కొన్ని దినములు అభ్యాసము చేసినవారు బల్లమీద తడబడరు. అయితే మొదట వైద్యుని అడుగవలెను. ఉబ్బసము, గుండెజబ్బు, రక్తపు పోటు, మిక్కిలి రక్తహీనత కలవారు ఆయన అనుమతి లేక మొదలుపెట్టరాదు. అనుమతి దొరకిన పిమ్మట, ఆసుపత్రిలో వలెనే చదునైన చోట, చాపమీదనో బెంచిమీదనో, పలుచని తలగడతో వెల్లకిల పరుండవలెను. చేతులు తలపైకి ఎత్తవలెను. ఆపరేషను అయినవారికి భుజము బిగుసుకొని ఇదే మొదటి కష్టమగును. అందుకు వైద్యులు చెప్పిన వ్యాయామమును మానరాదు. చేయి పైకి పోనిచో ఊపిరి ఎంత చక్కగా పట్టినను ప్రయోజనము లేదు.

రెండు మూడు మారులు తీరికగా ఊపిరి తీసి విడిచి, తరువాత మెల్లగా, నిండుగా పీల్చి పట్టవలెను. రొప్పుచు గబగబ తీయరాదు. నడుమును విల్లువలె వంచి రొమ్మును పైకి లేపరాదు. గాలియే రొమ్మును లేపవలెను. బుగ్గలు పూరించి, ముఖము ఎర్రబడునట్లు ముక్కవలసిన అవసరము లేదు. పిల్లలు చేయదగిన సాయమొకటి మేము చెప్పుదుము. ఒక ఖాళీ అగ్గిపెట్టెను, మన కోవిల్‌పట్టి అగ్గిపెట్టెయే చాలును, రొమ్ముటెముక క్రిందికొనపై నుంచి, ప్రక్కన కూర్చుండి కనిపెట్టవలెను. పీల్చినప్పుడు ఎంత ఎత్తు లేచినది, పట్టియున్నంతసేపు ఆ ఎత్తున నిలిచినదా, రెండవమారును అంతే లేచినదా? ఈ చివరి ప్రశ్నయే ముఖ్యమైనది. ఇందులో ఎంతసేపు పట్టితిమనునది ఒకటే లెక్క కాదు. ప్రతిమారును ఒకే ఎత్తునకు పట్టుటయే అసలు నేర్పు. ఒకనాడు నిండుగా, మరునాడు సగముగా పీల్చినచో గుండె నిలుచు చోటు మారిపోవును. నలుబది సెకండ్లు పట్టి పెట్టెను ఊగించువారికంటె, ఇరువది సెకండ్లు పట్టి పెట్టెను కదలనీయనివారు మేలు.

లెక్కకు గడియారము చాలును. కాని కన్నులు మూసికొని పరుండినవారికి గడియారము కనబడదు. అంకెలు లెక్కించుకొనుట కొందరికి మరింత తొందర పుట్టించును. అట్టివారికి ఒక పద్యము మేలు. అవ్వకు కంఠస్థమైన పద్యమునో, కీర్తన చరణమునో ఆమెచేత పైకి చదివించి, ఇరువది సెకండ్లు ఎంతవరకు పట్టునో గడియారముతో చూచి గుర్తుపెట్టుకొనుడు. ఆపైన ఊపిరి పట్టి అంతవరకు మనసులో చదువుకొనుమని చెప్పుడు. మొదటిదినము సగమునకే ఆగినను బాధలేదు. చాలు అనిపించినప్పుడు విడిచి, మామూలుగా ఊపిరి ఆడువరకు ఆగి, మరల పట్టవలెను. పూటకు నాలుగైదు మారులు మించ నక్కరలేదు. తల తిరిగినను, రొమ్ము నొచ్చినను ఆనాటికి మానివేయవలెను. ఒక్కమాట: ఎక్కువసేపు పట్టినందుకు పొగడి, తక్కువైనందుకు విసుగుకొను మనుమడు ప్రక్కన లేకుండుటే మేలు.

మాటలమీద సగము ఆధారపడియున్నదని మొదట చెప్పితిమి. మా విద్యార్థులలో ఒకరి ఇంటి పెద్దామె ఇట్టి చికిత్సకు ఒక పెద్ద ఆసుపత్రికి పోయినది. మైకులో ‘పీల్చి పట్టుకొనుడు’ అను అర్థము వచ్చు మాటలు ఇంగ్లీషులో వినవచ్చెను. ఆమెకు భాష తెలియకపోయినను, మర్యాద తెలియును. తనతో ఎవరో ఏదో చెప్పిరి గనుక, ప్రతిమారును ‘సరేనయ్యా’ అని బదులు చెప్పెను. బదులు చెప్పినప్పుడెల్ల పట్టిన ఊపిరి జారిపోయెను! కొంతసేపటికి గాని ఇది ఎవరికిని అర్థము కాలేదు. ఆమెకు శక్తి లేక కాదు, ఊపిరి చాలక కాదు. ‘మైకులో చెప్పిన మాటకు బదులు చెప్పవద్దు’ అని ముందుగా ఆమె భాషలో చెప్పువారు లేకపోవుటయే లోపము.

మన ఇండ్లలో తెలుగు ఉన్నది గాని, అది ఆంధ్రదేశపు పుస్తకముల తెలుగు కాదు. ఆ రాష్ట్రమున చదివి ఇక్కడికి వచ్చిన తొలిదినములలో మాకే ఈ భేదము బోధపడినది. ‘శ్వాసను నిరోధింపుడు’ అన్నచో మన అవ్వలకు ఒక్క ముక్కయు తెలియదు. ‘ఊపిరి ఆపు’ అన్నను చిక్కే. పీల్చి ఆపవలెనా, విడిచి ఆపవలెనా? కొందరు విడిచి ఆపుదురు, అప్పుడు చేసిన పని తలక్రిందులగును. కావున ‘నిండుగా పీల్చు’, ‘అట్లే పట్టు’, ‘ఇంక విడువు’ అను మూడు మాటలను ఇంటిలో స్థిరపరచుకొనవలెను. మదురైలోను తిరునెల్వేలిలోను వినబడునవి తమిళపు మాటలు గావున, వానిని కూడ జోడింపవలెను: ‘మూచ్చై ఇళుంగ’ అనగా పీల్చు, ‘అప్పడియే పిడింగ’ అనగా పట్టు, ‘విడుంగ’ అనగా విడువు. మన అవ్వలకు తమిళము రాదని మేమనుట లేదు. సంతలో మనకంటె బాగుగా మాటలాడుదురు. కాని భయమున్న చోట మనసునకు మొదట అందునది ఇంటి మాటయే. రెండు భాషల మాటలకును ఒకే పని అని పదిమారులు ఇంటిలో అలవాటైనచో, మైకులో ఏది వినబడినను దేహము తానే చేయును. ఈ అభ్యాసమును చేయింపగలవారు రెండు భాషలు చదివిన మా విద్యార్థులకంటె వేరెవ్వరు?

వెంట పోవువారు సి.టి. స్కానునకు ముందే టెక్నీషియనుతో మాటలాడి, ఆయన ఏ మాటలు వాడునో అడిగి, రోగికి తెలిసిన మాటలను ఆయనకు చెప్పవలెను. మూడు మాటలే గనుక ఎవ్వరును విసుగుకొనరు. ‘ఎడమవైపు గదా, ఊపిరి పట్టు పద్ధతి ఇక్కడ కలదా, మా అవ్వకు అది పనికివచ్చునా?’ అని వైద్యుని అడుగుట తప్పు కాదు. లేదనినను, అక్కరలేదనినను దిగులుపడ నవసరము లేదు. కుడివైపు వ్యాధికి సాధారణముగా ఇది అక్కరలేదు. కొందరికి దేహనిర్మాణమును బట్టి గుండె ముందే దూరముగా నుండును. బిగబట్టజాలనివారికి బోర్ల పరుండబెట్టి చేయు పద్ధతియు, కిరణముల కోణమును మార్చు పద్ధతియు కలవు. పట్టలేకపోవుట రోగి దోషము కాదు, చికిత్సయు దానితో ఆగదు.

నరికుడినుండి మూడు వారములు దినదినము మదురైకి పోయి వచ్చుట ఆరోగ్యవంతులకే అలసట. వీలైనచో అక్కడి బంధువుల ఇంట దిగుట మంచిది. తప్పక పోయి వచ్చువారు చికిత్సకు ముందు కొంతసేపు కూర్చుండి అలసట తీర్చుకొనవలెను. బస్సు దిగి పరుగెత్తుకొని వచ్చి బల్ల ఎక్కినవారికి ఊపిరి నిలువదు. రొమ్ము చికిత్సకు సాధారణముగా కడుపు మాడ్చుకొనవలసిన పని లేదు. అయినను గొంతువరకు తిన్నచో ఉదరవితానము క్రిందికి దిగుటకు చోటు చాలదు. రెండు ఇడ్లీలు తిని పోవుట మేలు. పెద్ద అక్షరములతో మూడు తెలుగు మాటలు, వాని ప్రక్కన మూడు తమిళపు మాటలు, క్రింద ‘బదులు చెప్పవద్దు’ అని వ్రాసిన చీటీ నొకటి ఆసుపత్రి కాగితములతోపాటు సంచిలో ఉంచుకొనుడు.